ఇంటి తలుపు పని – నాలుగో పాఠం: వాకిలి పట్టీలు

గత పాఠంలో ద్వారబంధాన్ని గోడలో నిలిపి, రసమట్టంతో సరిచూసి బిగించాము. ఇప్పుడు దానికీ గోడ పూతకీ నడుమ సన్నని సందు మిగిలి ఉంటుంది. బయటివైపు ఆ సందును కప్పే చెక్కను కొందరు ఆర్కిట్రేవ్ అంటారు, కొందరు బీడింగ్ అంటారు; ఇక్కడ పట్టీ అనే అందాము. చూపుకు అది అలంకారమే అయినా, ఈశాన్య ఋతుపవనం వేళ, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, చెన్నైలో వాన ఏటవాలుగా వాకిలిని కొట్టేటప్పుడు నీరు ఆ సందులోకి దిగకుండా ఆపవలసిన బాధ్యత దానిదే.

ముందుగా సందు పూడ్చాలి. ఫోమ్, అంటే డబ్బా నుంచి చిమ్మితే ఉబ్బి గట్టిపడే నురుగు, వాడేవారు కొద్దికొద్దిగా రెండు విడతల్లో వేయాలి. ఒకేసారి నింపితే అది ఉబ్బి నిలువుకమ్మిని లోపలికి తోస్తుంది, తలుపు పట్టేస్తుంది. ఆరాక తిన్నని చెక్కను ద్వారబంధం మీద, గోడ మీద కలిపి ఆనించి చూడండి. గోడ పూత ముందుకు పొడుచుకువస్తే పట్టీ కిందికి వచ్చే మేరకు ఉలితో చెక్కేయాలి.

తరువాత ద్వారబంధం లోపలి అంచు నుంచి 5 మిల్లీమీటర్లు వదిలి చుట్టూ పెన్సిలు గీత గీయండి. మన ఇళ్లలో బయట గ్రిల్ తలుపు కూడా ఉంటుంది కాబట్టి, దాని బందులకు చోటు సరిపోకపోతే ఆ వైపు ఇంకొంచెం వదలాలి.

అసలు జాగ్రత్త పట్టీ అడుగుకొన దగ్గర ఉంది. పశ్చిమ మాంబళంలో మా ఇంటికి మొదట బిగించిన పట్టీలు నేలకు ఆని ఉండేవి, రంగు ముందు వైపే వేశారు. రోజూ తెల్లవారుజామున వాకిలి కడిగి ముగ్గు పెట్టే ఇల్లు మాది. ధనుర్మాసంలో ఇక చెప్పనక్కరలేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి కింది జానెడు మేర నల్లబడింది, గీరి చూస్తే చాకుమొన వెన్నలోకి దిగినట్టు దిగింది. చెక్క తన అడ్డకోత మొన నుంచే నీటిని ఎక్కువగా పీలుస్తుంది. అందువల్ల 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను నేల మీద పెట్టి, పట్టీని దాని మీద నిలబెట్టి, పై గీత దగ్గర కొలత గుర్తించండి. బిగించాక ముక్క లాగేస్తే నేలకూ పట్టీకీ మధ్య ఎడం మిగులుతుంది. కోసిన ప్రతి కొనకూ, పట్టీ వెనుక వైపుకూ బిగించక ముందే ప్రైమరు పట్టించాలి. కోత కొనలకు రెండుసార్లు పట్టించినా నష్టం లేదు.

పై మూలల్లో 45 డిగ్రీల కోత అందంగా ఉంటుంది గానీ, చెక్క తేమకు నిలువునా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. వెడల్పు పట్టీలైతే ఆ కోత కొన్నాళ్లకు నోరు తెరుస్తుంది. బయటి తలుపుకు నా ఓటు చదరపు కోతకే. నిలువు పట్టీలు రెండూ ముందు బిగించి, వాటి తలల మీద అడ్డపట్టీని ఇరువైపులా 10 మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా కూర్చోబెట్టండి. దాని పైముఖాన్ని చిత్రికతో బయటికి కొద్దిగా వాలు చేస్తే వాననీరు నిలవదు.

టేకుకు ముందుగా రంధ్రం వేయకుండా మర బిగిస్తే కొన చీలుతుంది. మామూలు ఇనుప మేకులు తుప్పుపట్టడమే కాక టేకు మీద నల్లమరకలు వదులుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం నగరం లోపలికి చాలు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు వంటి సముద్రపు ఒడ్డు పేటల్లో 316 తీసుకోవడం మేలు.

చివరిగా పట్టీకీ గోడకీ మధ్య పైన, పక్కల సీలెంటు, అంటే సందును నీరు దిగకుండా మూసే పూత, పూయాలి. రంగు వేయదలచినవారు పాలీయురేథేన్ రకం ఎంచుకోవాలి, సాధారణ సిలికోన్ మీద రంగు నిలవదు. అడుగున మాత్రం పూయకండి, లోపలికి చేరిన నీటికి అదొక్కటే దారి. సీలెంటు ఆరిన మరునాడు చెంబెడు నీళ్లు అడ్డపట్టీ మీద పోసి, తలుపు వెనుక నిలబడి ద్వారబంధం లోపలి అంచును వేలితో తడిమి చూడండి. తడి తగిలితే వచ్చే పాఠానికి ముందే పై సీలెంటు గీకి మళ్లీ పూయాలి.