పోయినవాళ్ల మీద కవిత ఎలా రాయాలి?

మా వైపు, అంటే ఒంగోలు, కొండపి, కందుకూరు చుట్టుపక్కల, ఎవరైనా పోతే రెండు మూడు రోజుల్లో సెంటర్లో ఫ్లెక్సీ కట్టేస్తారు. ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ‘మీరు లేని లోటు తీరనిది’ అని ఒక వాక్యం. మా నాయన పోయినప్పుడు మేమూ అదే కట్టించాం. తప్పని అనడం లేదు, ఆ టైంలో ఎవరికీ మాట రాదు. కానీ పెద్దకర్మ అయిపోయి, చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయి, షామియానా కూడా విప్పేశాక ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి చదివితే అందులో మా నాయన ఎక్కడా లేడు. ఎవరి నాయన ఫొటో పెట్టినా సరిపోయే మాటలవి. అప్పుడు రాయడం మొదలుపెట్టాను. సంవత్సరీకం నాటికి ఏడు పంక్తులు తేలాయి. ఆ ఏడాదిలో నాకు తెలిసొచ్చిన పద్ధతి ఇక్కడ చెప్తున్నా. కవిత్వం అలవాటు లేనివాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

ముందు రాయొద్దు, మాటలు ఏరుకోండి

మొదటి పది పదకొండు రోజులు కవిత రాయాలని కూర్చోవద్దు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్లు మాట్లాడే మాటలు చాలా విలువైనవి, మళ్లీ దొరకవు. ఎవరో వచ్చి ‘మీ నాయన మా పొలం గట్టు మీద నిలబడి ఇట్లా అన్నాడు’ అని చెప్తారు, మీకు అప్పటిదాకా తెలియని మనిషి ఒకడు అందులో కనిపిస్తాడు. ఫోన్లో రెండు ముక్కలు టైప్ చేసి పెట్టుకోండి, లేదా రాత్రి పడుకునే ముందు మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి. వరుస అక్కర్లేదు.

ముఖ్యంగా పెద్దవాళ్లు రాగాలు పెట్టి ఏడుస్తున్నప్పుడు వినండి. చాలామంది పిల్లలు ఆ ఏడుపుకి సిగ్గుపడి పక్క గదిలోకి వెళ్లిపోతున్నారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. మా మేనత్త బడి మొహం చూడలేదు. నాయన పక్కన కూర్చుని, ‘నన్నెవరికి అప్పజెప్పి పోయినావన్నా, పండక్కి నా గడపలో కాలు పెట్టేదెవరన్నా’ అని ఏడ్చింది. మొదటి మాట ఊళ్లో అందరూ ఏడ్చేదే, తరతరాల నుంచి వస్తున్నదే. రెండోది మాత్రం ఆమె సొంతం, ఎందుకంటే ప్రతి సంక్రాంతికీ నాయన స్వయంగా వెళ్లి ఆమెను పిలుచుకొచ్చేవాడు. ‘అన్నా’ అని వరుసతో పిలవడం, ప్రశ్న అడగడం, ఆయన చేసిన పనిని ఎత్తి చెప్పడం, ఈ మూడూ ఆ ఒక్క ఏడుపులో ఉన్నాయి. కవితకు ఇంతకంటే పెద్ద సరుకు అక్కర్లేదు.

తర్వాత, ఒక్క వస్తువు పట్టుకోండి

మనిషి మొత్తాన్ని రాయాలనుకుంటే ఫ్లెక్సీ మాటలే వస్తాయి. ఒక చెయ్యి, ఒక చెప్పుల జత, మడత కళ్లద్దాలు, మందుల డబ్బా, ఏదో ఒకటి పట్టుకోండి.

భారతంలో స్త్రీపర్వం ఒకసారి చదివి చూడండి. దాన్ని తెలుగు చేసింది మన నెల్లూరి తిక్కనే. మనుమసిద్ధి కొలువులో ఉంటూ, విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. యుద్ధం అయిపోయింది, గాంధారి కృష్ణుడికి రణభూమిలో ఒక్కొక్కరినీ చూపిస్తూ ఏడుస్తుంది. అక్కడ కౌరవుల వైపు పోరాడి చచ్చిపోయిన భూరిశ్రవుడి భార్య ఉంటుంది. అర్జునుడి బాణానికి తెగిపడిన భర్త చేతిని ఒళ్లో పెట్టుకుని, శత్రువుల్ని చంపింది ఈ చెయ్యే, స్నేహితులకు అభయమిచ్చింది ఈ చెయ్యే, గోవుల్ని దానమిచ్చింది ఈ చెయ్యే, నన్ను తాకింది ఈ చెయ్యే అని తలుచుకుంటుంది. యుద్ధభూమి అంతా శవాలే. ఆమెకు మాత్రం చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. అన్ని అక్షౌహిణుల చావు చదివినప్పుడు రాని ఏడుపు నాకు ఆ చెయ్యి దగ్గర వచ్చింది.

అది చదివాకే మా నాయన చెయ్యి గుర్తొచ్చింది. మాది పొగాకు ఇల్లు. ఆకు కోసే రోజుల్లో చేతులకు నల్లగా జిగురు పట్టేస్తుంది, సబ్బుకు ఓ పట్టాన వదలదు, ఆ చేత్తో ఏం తిన్నా చేదే. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే గదిలో, ఆకు కాలుతున్నన్ని రోజులూ నాయనకు నిద్ర ఉండేది కాదు, థర్మామీటర్ చూస్తూ అక్కడే కూర్చునేవాడు. బ్యారన్ గురించి నాలుగు పేజీలు రాసి చింపేశాను. చెయ్యి మిగిలింది.

మీకు ఏ వస్తువూ తోచకపోతే ఒక పని చేయండి. ఆయన గది సర్దుతున్నప్పుడు పారేయడానికి మనసొప్పనిది ఏదో ఒకటి ఉంటుంది, దానికి విలువ ఉండదు, అయినా చెత్తలో వేయలేరు. అదే మీ కవిత.

ఆయనతోనే మాట్లాడండి

‘మా నాన్నగారు చాలా మంచివారు’ అని లోకానికి చెప్తే అది సంతాప సభలో ఉపన్యాసం అవుతుంది. నేరుగా పిలవండి. ఇంట్లో ఎలా పిలిచేవారో అదే పిలుపు: నాయనా, అబ్బా, అవ్వా, చిన్నోడా. ఇంట్లో ‘నువ్వు’ అనేవారైతే కవితలోకి వచ్చేసరికి ‘మీరు’ అని మార్చకండి, అక్కడే మనిషి దూరమైపోతాడు.

క్రియ దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. తెలుగులో ‘పెట్టావు’ అంటే ఒకసారి జరిగింది, అయిపోయింది. ‘పెట్టేవాడివి’ అంటే రోజూ జరిగేది, ఇక జరగదు. పోయాడని విడిగా చెప్పక్కర్లేదు, ఆ ‘వాడివి’లోనే ఉంది. మనిషి పోయిన కొత్తలో ఇంట్లో అందరూ ‘నాయన తింటాడు’ అనబోయి ఆగి ‘తినేవాడు’ అని దిద్దుకుంటారు చూడండి, ఆ దిద్దుకోవడంలో ఉన్న నొప్పి మొత్తం ఈ ఒక్క రూపంలో ఉంటుంది. మీ కవితలో క్రియలన్నీ ఒకసారి సరిచూసుకోండి.

ఏడుపు మాటలు తీసేయండి

నా మొదటి ప్రయత్నం ఇది:

నాయనా, నువ్వు లేని లోకం చీకటి
కన్నీటి సంద్రంలో మునిగాం మేము
మా గుండెల్లో నీ స్థానం శాశ్వతం

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, కానీ ఒక్కటి కూడా నాది కాదు. కన్నీరు, గుండె, చీకటి, లోటు, శాశ్వతం, దివికేగడం, ఇలాంటి మాటలు ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టేయండి. కొట్టేశాక ఏం మిగలకపోతే భయపడొద్దు, మళ్లీ ఆ వస్తువు దగ్గరికే వెళ్లండి. నాకు మిగిలింది ఇది:

నాయనా,
ఆకు కోసి వచ్చిన చేత్తో
పెరుగన్నం ముద్ద పెట్టేవాడివి
చేదుగా ఉందని మొహం తిప్పుకుంటే
మళ్లీ వెళ్లి చెయ్యి కడుక్కొచ్చేవాడివి
ఇప్పుడు ఏ ముద్దా చేదుగా ఉండడం లేదు
నాయనా

కోపం వస్తే రానివ్వండి. అప్పులు చేసి పోయినవాళ్లుంటారు, మందులు వేసుకోమంటే వినకుండా పోయినవాళ్లుంటారు, చివరి మాట పోట్లాటతోనే ఆగిపోయినవాళ్లుంటారు. గాంధారి ఏడ్చి ఊరుకోలేదు, కృష్ణుణ్ణే శపించింది. పోయినవాళ్లను దేవుళ్లను చేస్తే వాళ్లు మళ్లీ ఫ్లెక్సీలోకే వెళ్లిపోతారు. కాకపోతే అది మీ కాగితం మీద ఉండాల్సిన కోపమా, పదిమందిలో చదవాల్సిందా అన్నది ఇంట్లో వాళ్లను అడిగి తేల్చుకోండి. ఇంకో మాట, రాయడం అన్నిటికీ మందు కాదు. నెలలు గడిచినా నిద్ర పట్టక, బతకాలనిపించక ఉంటే కాగితం పక్కన పెట్టి డాక్టర్ని కలవండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఛందస్సు సంగతి క్లుప్తంగా: వచ్చినవాళ్లకు ఆటవెలది, తేటగీతి బాగా ఒదుగుతాయి, మాటలాడినట్టే నడుస్తాయి కాబట్టి. రానివాళ్లు దీనికోసం నేర్చుకోనక్కర్లేదు. ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ పంక్తి విరవండి, చాలు.

సొంత ఊరు కోల్పోయినవాళ్లకూ ఇదే దారి. వెలిగొండ ప్రాజెక్టు ముంపులో ఇళ్లు వదులుకోవాల్సిన కుటుంబాలున్నాయి, వాళ్లలో ఎవరైనా రాయాలనుకుంటే ఊరంతా రాయకుండా ఇంటి ముందు అరుగు ఒక్కటి రాసినా ఊరంతా వస్తుంది.

చివరగా, గొంతెత్తి చదవండి

ముందు గదిలో ఒంటరిగా నాలుగైదుసార్లు చదవండి. గొంతు పూడుకుపోయే చోటు ఎక్కడో తెలిసిపోతుంది, అక్కడ పెన్నుతో గీత పెట్టుకుని ఆ ముందు పంక్తి దగ్గర ఒక నిమిషం ఆగండి. చదవలేకపోతే ఆ కాగితం అందుకోవడానికి ఒక మనిషిని పక్కన ఉంచుకోండి. నాకు మా చెల్లెలు నిలబడింది. పదిమంది కంటే ముందు ఆ మనిషితో కలిసి బతికినవాళ్లకు వినిపించండి, తప్పులుంటే వాళ్లే పట్టుకుంటారు.

సంవత్సరీకం ముందురోజు రాత్రి మా అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మీ నాయన జిగురు చేతులతో చెంబు ముట్టుకునేవాడు కాదు కదరా, నీళ్లు పోసింది నేను’ అంది. ఏడాదిపాటు ఆ చెయ్యినే చూస్తూ పక్కన నీళ్లు పోస్తున్న మనిషిని చూడలేదు నేను. ఆ రాత్రే నాలుగో పంక్తి కింద ఇంకో పంక్తి చేర్చాను: అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే. మర్నాడు అదే చదివాను.