ఎబొనైట్ పెన్ను ఇంకు కక్కకుండా రాయాలంటే

రాజమండ్రి రత్నం పెన్ను ఎంతో ఇష్టపడి కొని, నెల తిరక్కుండానే చొక్కా పాడైందని బీరువాలో పడేసినవాళ్లని చాలామందిని చూశాను. ప్రాణం ఉసూరుమంటుంది. కె.వి.రత్నం గారు 1932లో మొదలుపెట్టిన పని అది, పూర్తిగా ఇక్కడే చేసిన పెన్ను పంపిస్తే గాంధీజీ వాడి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా బాగుందని 1935లో ఉత్తరం రాశారు.

ఈ పెన్ను చేసే ఎబొనైట్ అంటే గంధకం కలిపి ఉడికించి గట్టిపరచిన రబ్బరు. ఆ కడ్డీని లేతు మీద తిప్పుతూ పెన్ను చెక్కుతారు. బ్యారెల్‌ని, అంటే పెన్ను గొట్టాన్ని, బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, రబ్బరు వాసన సన్నగా తగులుతుంది.

కొత్త పెన్నయితే పాళీ భాగాన్ని విప్పి, ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపిన చల్లటి నీళ్లలో కడగండి, పాళీ కింద ఇంకు అందించే ముక్కని (ఫీడు) చెక్కినప్పుడు అంటిన జిడ్డు ఉంటే ఇంకు సరిగ్గా దిగదు. బాగా ఆరాక పాళీ భాగాన్ని బ్యారెల్‌కి బిగించే మర మీద ఆవగింజంత సిలికాన్ గ్రీజు చుట్టూ రాసి, డ్రాపర్‌తో బ్యారెల్లోకి ఇంకు పోయండి, మర మొదలయ్యే చోటికి కాస్త కిందే ఆపాలి. అంతే, బిగించెయ్యండి.

ఇక కక్కడం సంగతి. ఇందులో ట్యూబు ఉండదు, బ్యారెలే ఇంకు బుడ్డి. ఇంకు తగ్గేకొద్దీ ఆ చోటంతా గాలి చేరుతుంది, రాస్తుంటే చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని పాళీలోంచి బయటికి నెడుతుంది, కాగితం మీద టప్పున బొట్టు పడుతుంది. అందుకే మూడో వంతు మిగలగానే మళ్లీ నింపెయ్యాలి, పూర్తిగా అయ్యేదాకా ఆగొద్దు. జేబులో ఎప్పుడూ పాళీ పైకి ఉండేలా పెట్టుకోండి.

నెలకోసారి చల్లటి నీళ్లతో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగితే చాలు. వేడినీళ్లు మాత్రం వద్దే వద్దు, నలుపు పోతుంది. ఎండా అంతే. నా పెన్ను ఒకటి వేసవంతా కిటికీ పక్కన స్టాండులో ఉండి, ఎండ తగిలిన వైపు పాచిరంగుకి తిరిగింది, ఎంత కడిగినా ఆ నలుపు మళ్లీ రాలేదు. ఇప్పుడు దాన్ని గుడ్డ సంచిలో పెట్టి రోజూ రాస్తున్నాను.