కోర్టు కోసం రోడ్డు ప్రమాదం యానిమేషన్ తయారు చేయడం ఎలా?

ప్రమాదం కేసు ఫైల్లో ఎఫ్ఐఆర్, పంచనామా, రఫ్ స్కెచ్, ఫొటోలు అన్నీ ఉంటాయి. అయినా మలుపు దగ్గర లారీ బైకు అతనికి ఎప్పుడు కనిపించిందో, బ్రేకు వేసే టైమ్ దొరికిందో లేదో కాగితాలు చదివి ఊహించుకోవడం కష్టం. యానిమేషన్ అది కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. అందుకే అది ప్రమాదకరం కూడా. చూసినవాళ్ల మనసులో అదే నిజంగా జరిగిన సంఘటనగా ముద్రపడిపోతుంది. కాబట్టి తెరమీద కనిపించే ప్రతి కదలికకూ ఫైల్లో ఆధారం ఉండాలి. లేనిది ఎంత బాగా వచ్చినా తీసేయాలి.

ముందు ఏది చేస్తున్నారో తేల్చుకోండి

నిపుణుడు ఇప్పటికే తేల్చిన విషయాన్ని బొమ్మల్లో చూపితే అది యానిమేషన్. బరువు, వేగం, రాపిడి ఇచ్చి ఏం జరిగి ఉంటుందో పీసీ-క్రాష్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లెక్క కట్టిస్తే అది సిమ్యులేషన్. రెండోదానిలో ఫలితం లెక్కలోంచే పుడుతుంది కాబట్టి ప్రతి అంకెనూ సమర్థించుకోవాలి. ఈ రెంటినీ కలిపేసి ఒకే పేరు పెట్టకండి.

ఆధారాలు, కొలతలు

పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, పోస్టుమార్టం రిపోర్టు, సాక్షుల వాంగ్మూలాలు, సీసీటీవీ ఫుటేజీ తీసుకోండి. కెమెరా గడియారం తప్పుగా ఉండొచ్చు, సెకనుకు ఎన్ని ఫ్రేములో కూడా కెమెరాను బట్టి మారుతుంది. ఈ రెండూ సరిచూశాకే వేగం లెక్క వేయండి.

తర్వాత స్థలానికి వెళ్లి టోటల్ స్టేషన్‌తోనో (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం), లేజర్ స్కానర్‌తోనో, డ్రోన్ ఫొటోలతోనో కొలవండి. ప్రమాదం తర్వాత రోడ్డు వేసినా, డివైడర్ కట్టినా, చెట్టు కొట్టేసినా ఆ మార్పు రాసిపెట్టుకోండి.

వేగం లెక్క

అసలు పని ఇక్కడే ఉంది. చక్రాలు బిగుసుకుని జారిన గుర్తు పొడవును బట్టి వేగం కట్టవచ్చు: 2 × రాపిడి గుణకం (టైరుకు రోడ్డు మీద ఎంత పట్టు ఉందో చెప్పే అంకె) × 9.81 × మీటర్లలో గుర్తు పొడవు, దీనికి వర్గమూలం. వచ్చేది సెకనుకు మీటర్లలో, 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. సమతలంగా ఉన్న పొడి తారు రోడ్డు మీద 20 మీటర్ల గుర్తు ఉంది, గుణకం 0.7 అనుకుందాం. వేగం సుమారు 60 కిలోమీటర్లు. కానీ గుణకం 0.6 అయితే 55, 0.8 అయితే 64. తడి రోడ్డయితే గుణకం ఇంకా తగ్గుతుంది. గుర్తు చివర ఢీకొట్టి ఆగితే అసలు వేగం ఈ లెక్కకంటే ఎక్కువే. కాబట్టి ఒకే అంకె పట్టుకోకండి. తక్కువ వేగానికీ ఎక్కువ వేగానికీ విడివిడిగా యానిమేషన్లు చేయండి. రెంటిలోనూ మీ వాదన నిలబడితే అప్పుడు దానికి బలం ఉన్నట్టు.

గంటకు 60 అంటే సెకనుకు 16.7 మీటర్లు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో బండి ఫ్రేముకు 67 సెంటీమీటర్లు కదలాలి. డ్రైవర్ తేరుకోవడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, బ్రేకు పడేలోపే 25 మీటర్లు దాటిపోతుంది.

బొమ్మ కట్టడం, కెమెరా పెట్టడం

బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి సరిపోతుంది. బండ్ల పొడవు, వెడల్పు కంపెనీ కొలతల ప్రకారం ఉండాలి. డ్రైవర్ చూపు నుంచి చూపాలంటే అదే మోడల్ బండిలో మనిషిని కూర్చోబెట్టి కంటి ఎత్తు కొలవండి. రాత్రి దృశ్యమైతే మరింత జాగ్రత్త. కాస్త వెలుగు పెంచితే చాలు, కనిపించని మనిషి కనిపించేస్తాడు. వెలుతురు కొలిచిన ఆధారం లేకపోతే పైనుంచి చూపే దృశ్యంతో సరిపెట్టుకోవడమే న్యాయం.

రక్తం, అరుపులు, ముఖాల్లో భయం, సంగీతం ఏవీ వద్దు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర సుప్రీంకోర్టు 2006లో సెర్జ్ అనే హత్య కేసులో యానిమేషన్‌ను అనుమతించింది. అందులో ఇలాంటి హంగులేవీ లేకపోవడాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. స్లో మోషన్ పెడితే డ్రైవర్‌కు ఆలోచించే టైమ్ ఎంతో ఉన్నట్టు అనిపిస్తుంది. తప్పనిసరైతే తెరమీద ఆ మాట రాసి, పక్కనే అసలు వేగంలో కూడా చూపండి.

కోర్టులో పెట్టేటప్పుడు

మన దేశంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు సమర్పించాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, రెండోది నిపుణుడు నింపాలి. ఫైల్ హాష్ విలువ (ఫైల్లోని డేటా నుంచి లెక్కకట్టే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా అందులో రాయాలి కాబట్టి వీడియో ఫైనల్ చేశాక హాష్ తీసి, ఇక ఆ ఫైల్ ముట్టుకోకండి. చిన్న దిద్దుబాటు చేసినా హాష్ మారిపోతుంది. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన బొమ్మ నిజమైపోదు. లెక్కలు కట్టిన నిపుణుడు బోనెక్కి ఒక్కో అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలగాలి. ఏ కదలికకు ఏ ఆధారమో ఒక పట్టికలా రాసి, అసలు ప్రాజెక్టు ఫైళ్లతో పాటు అవతలి పక్షం లాయర్‌కు ముందే ఇచ్చేయండి. వాళ్ల నిపుణుడు గుణకం మార్చి చూడాలన్నా, మీ కొలత తప్పని చూపాలన్నా అవి కావాల్సిందే.