క్యారవాన్‌లో సామాను ఇలా సర్దండి

హైదరాబాద్ నుంచి క్యారవాన్ అద్దెకు తీసుకుని శ్రీశైలమో గండికోటో వెళ్దామనుకుంటుంటే, ముందుగా ఆ గట్టి సూట్‌కేసులు ఇంట్లోనే వదిలేయండి. లోపల వాటికి చోటుండదు, రాత్రి పడుకునేటప్పుడు అటూ ఇటూ జరుపుతూనే ఉండాలి. గుడ్డ బ్యాగులైతే ఖాళీ చేశాక మడిచి పరుపు కిందకి తోసేయొచ్చు.

బియ్యం, కుక్కర్, నీళ్ల క్యాన్లు లాంటి బరువులన్నీ కింద అరల్లోనే, వీలైతే చక్రాల ఇరుసుకి దగ్గర్లో పెట్టండి, పై అరల్లో బట్టలు, దుప్పట్లు, మరమరాల ప్యాకెట్లు చాలు. మేము ఆవకాయ జాడీ పైన పెట్టాం, శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో అర తలుపు తోసుకుని కింద పడింది, ఆ నూనె వాసన మూడు రోజులైనా పోలేదు. పచ్చళ్లు బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాల్లో పెట్టి, సందుల్లో తువ్వాళ్లు కుక్కండి.

నీళ్లు లీటరుకి కేజీ, అంటే 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కేజీలు మోస్తున్నట్టే, కాబట్టి దారిలో దొరికే చోట సగం సగం నింపుకోండి. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్ల దాకా లాగుతుంది, బండి బ్యాటరీ మీద నడుస్తుందో లేదో ఓనర్‌ని ముందే అడగండి. గ్యాస్ ఉంటే, బండి కదిలే ముందు సిలిండర్ దగ్గరే ఆఫ్ చేయాలి, ఇది మాత్రం అస్సలు మర్చిపోవద్దు.

ఇంకోటి, శ్రీశైలం వెళ్లే అమ్రాబాద్ అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. ఆలస్యమై చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోయినా టెన్షన్ లేకుండా, ఆ పూట తిండి, టార్చి, పిల్లల మందులు ఒకే సంచిలో చేతికందేలా ఉంచుకోండి.