మిరుగం ముందు తేలు భయం: పాదాలు పట్టి చూడండి

పోయిన వారం మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో బిలోలి వైపు ఒక ఊళ్లో తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి తేలు కుట్టింది. ఇంటి వెనక పేర్చిన పత్తికట్టె తీస్తుంటే వేలి మీద కుట్టింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గర సూది వేయించారు. అరగంటలో నొప్పి తగ్గింది. పిల్లాడు రెండుసార్లు వాంతి చేసుకున్నా, బనీను తడిసేలా చెమట పట్టినా "భయపడ్డాడు లే" అని ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టారు. రాత్రి పదకొండింటికి ఆయాసం మొదలైంది. నాందేడ్‌లో ఐసీయూలో పెట్టాక ప్రాణం దక్కింది. ఇదే కథలో ప్రాణం దక్కని ఇళ్లు కూడా మన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ ఊళ్లలో ఉన్నాయి.

మిరుగం (మృగశిర కార్తె) దగ్గరపడింది. పొలంలో మిగిలిన పత్తికట్టె పీకడం, గట్ల మీది రాళ్లు సర్దడం, చొప్ప గూడు విప్పడం, పెంకులు తిరగేయడం, వానకు తడవకుండా కట్టెలు లోపలికి చేర్చడం, అన్నీ ఈ పదిహేను రోజుల్లోనే. తేలు పగలంతా దాక్కునేది సరిగ్గా ఈ చోట్లలోనే. మొదటి వాన పడి బొరియల్లోకి నీళ్లు చేరితే అదే ఇంట్లోకి వస్తుంది. చెప్పులు దులిపి వేసుకోండి, చీకట్లో టార్చి పట్టుకోండి లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ రాయను. కుట్టిన తర్వాత ఏం చేస్తున్నామన్నదే అసలు సమస్య.

ఏ తేలు

మన దగ్గర పెద్దగా, నల్లగా, పీతకున్నట్టు లావు డెక్కలతో కనిపించే మండ్రగబ్బను చూసి జనం ఎక్కువ భయపడతారు. అది కుడితే నొప్పి ఉంటుంది, వాపు ఉంటుంది, ప్రాణం పోవడం చాలా అరుదు. భయపడాల్సింది ఎర్ర తేలుకు. చిన్నది, వేలంత ఉంటుంది. రంగు ఎరుపే కానక్కర్లేదు, నారింజ నుంచి మట్టిరంగు దాకా ఉంటుంది. ముందు డెక్కలు సన్నగా, తోక లావుగా ఉంటాయి. మహారాష్ట్రలో తేలుకాటు మరణాల్లో ఎక్కువ భాగం దీని వల్లే.

అలాగని తేలును పట్టుకోవడానికి ఇల్లంతా వెతుకుతూ కూర్చోకండి. డాక్టరు మందు ఇచ్చేది మనిషి ఒంటి మీది లక్షణాలు చూసి. తేలు దొరికిందా లేదా అన్నదానితో పనిలేదు.

ఒంట్లో ఏం జరుగుతుంది

ఇది కొంచెం ఓపికగా చదవండి. అర్థమైతే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పక్కర్లేదు.

నరం ఒక సంకేతం పంపాలంటే దాని పొరలో ఉండే సోడియం దారులు క్షణంలో తెరుచుకుని క్షణంలో మూసుకోవాలి. ఎర్ర తేలు విషంలోని కొన్ని ప్రోటీన్లు ఆ దారుల్ని సరిగా మూసుకోనివ్వవు. ఇంకొన్ని పొటాషియం దారులకు అడ్డం పడతాయి. ఐబీరియోటాక్సిన్ అని ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే పదార్థం మన ఎర్ర తేలు విషం నుంచి వేరుచేసిందే. రెండూ కలిసి నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. మన ఇష్టంతో పని లేకుండా గుండెను, రక్తనాళాలను, చెమటను నడిపే నరాలకు దీని దెబ్బ ఎక్కువ.

మొదట వాంతులు, ఒళ్లంతా చెమట, నోట్లో నీళ్లూరడం. మగపిల్లల్లో, మగవాళ్లలో అంగం బిగుసుకుంటుంది. దీన్ని సిగ్గుపడి ఎవరూ చెప్పరు. చెప్పండి. విషం ఒంట్లోకి పాకిందనడానికి తొందరగా కనిపించే గుర్తుల్లో ఇదొకటి. తల్లి చెప్పలేకపోతే నాన్న చెప్పాలి, నర్సుకైనా సరే.

తర్వాత అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ రక్తంలోకి వరదగా వచ్చి పడతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి. చేతులు, పాదాలు చల్లబడతాయి. బీపీ పెరుగుతుంది. బిగుసుకున్న నాళాల్లోకి రక్తం తోసీ తోసీ గుండె అలసిపోతుంది. అలసిన గుండె వెనక రక్తం నిలబడి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. అప్పుడు వచ్చేదే ఆయాసం, దగ్గు, గులాబీ రంగు నురగ. ఇదంతా కొందరిలో గంటలోపే జరుగుతుంది, కొందరిలో కొన్ని గంటలు పడుతుంది. పిల్లల బరువు తక్కువ కాబట్టి అంతే విషం వాళ్ల మీద ఎక్కువ పనిచేస్తుంది.

అందరూ చేసే ఆ ఒక్క తప్పు

నొప్పి తగ్గింది కాబట్టి గండం గడిచిందనుకోవడం.

నేను ఆరోగ్య కేంద్రంలో పనిచేసినన్నాళ్లూ చెడిపోయిన కేసుల్లో ఎక్కువ భాగం ఈ మాటతోనే చెడిపోయాయి. "నొప్పి లేదన్నాడు సార్, అందుకే తీసుకుపోయాం." నొప్పికీ ప్రమాదానికీ ఇక్కడ సంబంధం లేదు. చాలాసార్లు తలకిందులు కూడా. కుట్టిన చోట ప్రాణం పోతున్నట్టు నొప్పి ఉండి, కాళ్లూ చేతులూ వెచ్చగా, వాంతి లేకుండా ఉన్న మనిషి సాధారణంగా బాగానే ఉంటాడు. నొప్పి పెద్దగా లేకుండా, చెమటలు పట్టి, పాదాలు చల్లబడిన మనిషే ప్రమాదంలో ఉన్నాడు.

మంత్రానికి పేరు వచ్చింది కూడా ఇక్కడే. కుట్టిన తేళ్లలో చాలావాటి వల్ల ప్రాణానికి ముప్పు ఉండదు, నొప్పి కొన్ని గంటల్లో దానంతట అదే దిగుతుంది. ఆ దిగిన నొప్పి మంత్రగాడి లెక్కలో పడుతుంది. ప్రమాదకరమైన కాటులో కూడా నొప్పి తగ్గేసరికి అదీ ఆయన గొప్పే అవుతుంది. రాత్రి ఆయాసం వస్తే మాత్రం "మా తలరాత". ఊళ్లో వేసే సూది కథ కూడా ఇంతే. కుట్టిన చోట మొద్దుబారడానికి వేసే మందు నొప్పిని తీస్తుంది, విషాన్ని తీయదు. ఆ సూది తప్పు కాదు. అది పడగానే ఇంటికి వెళ్లిపోవడం తప్పు.

కాబట్టి నొప్పి ఎలా ఉందని అడగడం మానేసి పాదాలు పట్టి చూడండి. మీ అరచేయి పిల్లాడి అరికాలికి ఆనించండి. మీ చేతికన్నా చల్లగా ఉందా? ముట్టుకుంటే తడిగా ఉందా? జూన్ ఉక్కపోతలో అందరికీ చెమట పడుతుంది కానీ అరికాళ్లు చల్లబడవు. పావుగంటకోసారి చూస్తూనే ఉండండి, బండి మీద దారిలో కూడా.

మందు ఏమిటి

దీనికి మందు దొరికింది మన మహారాష్ట్రలోనే. డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ జాల్నా జిల్లావాడు, అంటే మన మరాఠ్వాడా బిడ్డ. కొంకణ్‌లోని మహాడ్ చుట్టుపక్కల పనిచేస్తూ తేలు కుట్టినవాళ్ల మంచాల పక్కనే కూర్చుని లక్షణాలు గంటగంటకూ రాసుకున్నాడు. 1982లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అవి అచ్చయ్యాయి. బీపీకి వాడే ప్రాజోసిన్ అనే గోలీ ఈ విషానికి పనిచేస్తుందని 1986లో అదే పత్రికలో రాశాడు. బిగుసుకున్న రక్తనాళాల్ని ఆ గోలీ వదులు చేస్తుంది, గుండె మీద బరువు దిగుతుంది. అంతకుముందు ఊపిరితిత్తుల్లో నీరు దిగిన వాళ్లలో సుమారు 30 శాతం మంది చనిపోయేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఎర్ర తేలు విషానికి ప్రత్యేకంగా చేసిన యాంటీవెనమ్ (విరుగుడు సూది) కూడా ఉంది. 2011లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఆయన పరిశోధనలో 70 మందిని రెండు భాగాలు చేసి చూశారు. ప్రాజోసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లు కోలుకోవడానికి సగటున దాదాపు 18 గంటలు పట్టింది, రెండూ ఇచ్చినవాళ్లకు 8 గంటలు. పాముకాటు సూది వేరు, ఇది వేరు. పాము మందు తేలుకు పనిచేయదు.

గోలీ చవకే కదా, కొని ఇంట్లో పెట్టుకుందాం అనుకుంటారు. వద్దు. ఇది బరువును బట్టి మైక్రోగ్రాముల లెక్కలో ఇచ్చేది, లక్షణాలు లేనివాడికి ఇచ్చేది కాదు. బీపీ ఒక్కసారిగా పడిపోగలదు. మెడికల్ షాపుల్లో నెమ్మదిగా కరిగే రకం కూడా ఉంటుంది, దాన్ని నలిపి పిల్లలకు వేస్తే ఇంకో ప్రమాదం.

ఇక ఇవి వరుసగా చదువుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

పిల్లాణ్ణి తేలు కుడితే నొప్పి ఉన్నా లేకపోయినా దవాఖానకే. పెద్దవాళ్లకైతే వాంతి, చెమట, చల్లని పాదాలు, గుండె దడ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బయల్దేరాలి. రెండోది కనిపించేదాకా ఆగొద్దు.

తాడు కట్టొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. ఉల్లిగడ్డ, చింతగింజ, సున్నం, ఏదీ రుద్దొద్దు. నొప్పికి ఐసు గుడ్డలో చుట్టి పెట్టొచ్చు, అదీ బండి వచ్చేలోపే.

నొప్పి తగ్గిందని దారిలోంచి వెనక్కి తిప్పొద్దు.

108కి చేస్తే ముందు ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం చెప్పండి. సరిహద్దు ఊళ్లలో ఫోను తెలంగాణ టవరు పట్టుకుని ఉంటే కాల్ అటు వెళ్లొచ్చు.

నాందేడా నిజామాబాదా అని గుమ్మంలో వాదించుకోవద్దు. బావమరిది ఒక మాట, మేనమామ ఒక మాట, అరగంట అక్కడే పోతుంది. ముందు దగ్గర్లోని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం). అక్కడ బీపీ చూసి, అవసరమైతే మొదటి గోలీ వేసి పంపిస్తారు. పెద్ద దవాఖాన సంగతి ఆ తర్వాత.

డాక్టరుకు తెలుగు రాకపోతే నోరు మూసుకుని నిలబడొద్దు, మరాఠీలో చెప్పండి. "వించూ చావలా. హాత్ పాయ్ థండ్ పడ్లే. ఘామ్ యేతోయ్. ఉల్టీ ఝాలీ." (తేలు కుట్టింది. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. చెమట పడుతోంది. వాంతి అయింది.) ఈ నాలుగు ముక్కలు చాలు. కుట్టిన టైము చెప్పండి. ఊళ్లో ఏ సూది వేశారో ఆ ఖాళీ సీసా తీసుకెళ్లి చూపించండి.

ఊళ్లో సూదులు వేసే అన్నలకు ఒక మాట: చెమట పడుతోంది కదా అని అట్రోపిన్ వేయకండి. గుండె దడనూ బీపీనీ అది ఇంకా పెంచుతుంది. స్టెరాయిడ్‌తో లాభం లేదు. నొప్పికి వేశారా, సరే, చీటీ మీద రాసి వెంటనే పంపించండి. "తగ్గిపోతుంది, ఇంటికి తీసుకుపో" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు.

గోలీ వేశాక పిల్లాణ్ణి లేపి కూర్చోబెట్టొద్దు, చంకనెత్తుకోవద్దు, బాత్రూంకు నడిపించొద్దు. లేస్తే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. డాక్టరు చెప్పేదాకా పడుకునే ఉండాలి.

ఒక గోలీతో అయిపోదు. మూడు గంటలకోసారి మళ్లీ వేస్తూ పాదాలు వెచ్చబడేదాకా చూస్తారు. మధ్యలో "బాగానే ఉన్నాడు, డిశ్చార్జి రాయండి" అని డాక్టరు మీద పడొద్దు. పొద్దున విత్తనం వేయాలని, బర్రెకు పాలు పిండాలని తొందర పెట్టొద్దు. పిల్లాడైతే ఒక రోజంతా ఉంచమంటారు, ఉంచండి.

నొప్పి లేదంటున్నాడా? పాదాలు పట్టి చూడండి. నిద్రపోతున్నాడా? అయినా పట్టి చూడండి.

పత్తికట్టె, చొప్ప, ఇటుకలు చేత్తో ఎత్తొద్దు. ముందు కర్రతో కదిలించండి. చిన్నపిల్లలకు ఈ పని చెప్పనే వద్దు. మంచాలు గోడకు ఆనించొద్దు, దుప్పటి నేలకు వేలాడనివ్వొద్దు. అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనండి. ఆ వెలుతురులో తేలు చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తుంది, గోడ సందులో ఉన్నా దొరుకుతుంది.

మిరుగం లోపు ఊరికి ఒకరైనా పీహెచ్‌సీకి వెళ్లి రెండే అడిగి రండి: ప్రాజోసిన్ ఉందా, తేలు యాంటీవెనమ్ ఉందా. లేదంటే సర్పంచ్‌తో కాగితం మీద రాయించి ఇవ్వండి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి. రాత్రిపూట డ్యూటీలో ఎవరుంటారో వాళ్ల ఫోను నంబరు, ఊళ్లో అర్ధరాత్రి బండి తీసే వాళ్ల నంబరు గోడ మీద సున్నంతో పెద్దగా రాసి పెట్టండి.