ఏఎఫ్‌పీ రిపోర్టును ఎలా చదవాలి: సిర్రోసిస్, హెపటైటిస్ బి ఉన్నవారికి

లివర్ క్యాన్సర్ చిన్నగా ఉన్నప్పుడు నొప్పీ ఉండదు, కామెర్లూ రావు. అందుకే ముప్పున్నవారు ఏ బాధా లేకపోయినా ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్, దాంతోపాటు రక్తంలో ఏఎఫ్‌పీ (ఆల్ఫా ఫీటోప్రొటీన్, లివర్ క్యాన్సర్‌లో పెరగగల ఒక ప్రొటీన్) పరీక్ష చేయించుకోవాలి. సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం) మద్యం వల్ల వచ్చినా, ఫ్యాటీ లివర్ ముదిరి వచ్చినా ఇదే లెక్క. హెపటైటిస్ సి మందులతో నయమైనా సిర్రోసిస్ మిగిలితే పరీక్షలు ఆపకూడదు. హెపటైటిస్ బి ఉంటే సిర్రోసిస్ లేకపోయినా మన ఆసియావాళ్లలో మగవారికి 40, ఆడవారికి 50 ఏళ్ల నుంచి ఇవి అవసరం. ఇంట్లో రక్తసంబంధీకులకు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. ఏ ముప్పూ లేనివారికి హెల్త్ ప్యాకేజీలో కలిపి చేసే ఏఎఫ్‌పీ వల్ల దిగులే తప్ప లాభం లేదు.

పరగడుపున వెళ్లక్కర్లేదు. జుట్టు కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ మాత్రలు వాడుతుంటే మూడు రోజుల ముందు ఆపండి. కొన్ని కిట్లలో అది ఏఎఫ్‌పీని ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపిస్తుంది. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి, కిట్ మారితే అంకె మారుతుంది. యూనిట్ కూడా చూడాలి. ఒక ఇంటర్నేషనల్ యూనిట్ దాదాపు 1.2 నానోగ్రాములు. అంటే ఐయూలో 17 వస్తే, అది నానోగ్రాముల్లో 20కి చేరినట్టే.

మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే తదుపరి పరీక్షకు వెళ్లాలి. అయితే అసలు కిటుకు వరుసలో ఉంది. 4, 9, 16 అని ఎక్కుతూ పోతుంటే, 20 దాటకపోయినా ఊరుకోకూడదు. కాబట్టి తేదీ, ఏఎఫ్‌పీ, ఏఎల్‌టీ (లివర్ వాపును చూపే ఎంజైమ్, పాత రిపోర్టుల్లో ఎస్‌జీపీటీ) ఒకే కాగితం మీద రాసుకోండి. హెపటైటిస్ ఎగదన్నినప్పుడు రెండూ కలిసి పెరిగి, కలిసి దిగుతాయి. ఏఎల్‌టీ దిగుతున్నా ఏఎఫ్‌పీ పెరుగుతుంటే అనుమానించాలి. గర్భంతో ఉన్నప్పుడు ఏఎఫ్‌పీ పెరగడం మామూలే.

ఏఎఫ్‌పీ 3 ఉందని స్కాన్ మానేయడం అందరూ చేసే పొరపాటు. చాలా కణితులు, ముఖ్యంగా చిన్నవి, ఏఎఫ్‌పీని తయారు చేయవు. ఆ లోటు కొంత పూడ్చడానికి పివ్కా-2, ఏఎఫ్‌పీ-ఎల్3 (ఏఎఫ్‌పీలోనే ఒక రకం) అనే రక్తపరీక్షలు ఉన్నాయి. వయసు, లింగంతో ఏఎఫ్‌పీ సహా ఈ మూడింటినీ కలిపి లెక్కకట్టేదే గాలాడ్ స్కోరు. ఎల్3 భాగం 10 శాతం దాటితే అనుమానం. పివ్కా విటమిన్ కె కొరత వల్ల కూడా పెరుగుతుంది. వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వేసుకునేవారిలో, పిత్తనాళం మూసుకుపోయిన కామెర్లలో దాని అంకెను నమ్మలేం.

అంకె పెరిగినా, అల్ట్రాసౌండ్‌లో ఒక సెంటీమీటరు లేదా అంతకుమించిన గడ్డ కనిపించినా ట్రైఫేజిక్ సీటీ (కాంట్రాస్ట్ మందు ఎక్కించి వేర్వేరు దశల్లో తీసేది) లేదా కాంట్రాస్ట్ ఎంఆర్ఐ తీయించాలి. మామూలు సీటీ పనికిరాదు: ధమని దశలో వెలిగి, తర్వాతి దశల్లో మసకబారడమే ఈ కణితి గుర్తు. సిర్రోసిస్ ఉన్నవారిలో ఆ గుర్తు స్పష్టంగా ఉంటే చాలాసార్లు బయాప్సీ అక్కర్లేదు. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు పరీక్ష) చూపించుకోండి. సెంటీమీటరు కన్నా చిన్న గడ్డ అయితే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ అల్ట్రాసౌండ్. లివర్‌లో ఏమీ కనిపించకుండా ఏఎఫ్‌పీ పెరుగుతూనే ఉంటే, మగవారిలో వృషణాలను కూడా పరీక్షించాలి, అక్కడి కొన్ని కణితులూ ఏఎఫ్‌పీని పెంచుతాయి.