కాండోర్ ఎలా ఎగురుతుందో చూడాలంటే (పినకిల్స్ వెళ్ళేవాళ్ళకి)

బే ఏరియాలో ఉండే మనవాళ్ళు చాలామంది పినకిల్స్ నేషనల్ పార్క్‌కి వెళ్ళి గుహలు చూసి ఫోటోలు దిగి వచ్చేస్తారు, కానీ అక్కడ తల పైకెత్తితే కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందు కనిపించొచ్చు. 1982లో ప్రపంచం మొత్తమ్మీద 22 మాత్రమే మిగిలిన పక్షి అది, 1987లో అడవిలో ఉన్న చివరిదాన్ని కూడా పట్టుకెళ్ళి జూల్లో గుడ్లు పొదిగించి పెంచి మళ్ళీ వదిలారు, పినకిల్స్‌లో అయితే 2003 నుంచి. అందుకే కనిపిస్తే ఒక క్లిక్ కొట్టి వదిలేయకండి, ఒక్క పక్షి మీదే చూపు నిలిపి అది కనుమరుగయ్యేదాకా చూడండి.

క్యాంప్‌గ్రౌండ్‌కి ఆగ్నేయం వైపున్న కొండ వరస మంచి చోటు, నడవగలిగితే పార్క్‌లోని ఎత్తైన రాతి శిఖరాలు, హై పీక్స్, ఇంకా మంచిది. తూర్పు గేటు నుంచి పడమర గేటుకి పార్క్ లోపల రోడ్డు లేదు, ఎటు వెళ్ళాలో ముందే చూసుకోండి. ఎండాకాలం అయితే నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి. బైనాక్యులర్స్ 8x42 (8 రెట్లు పెద్దగా చూపించేవి) చాలు.

కాండోర్లు పొద్దున్నే రెక్కలు బార్లా చాపుకుని ఎండ కాగుతూ కూర్చుంటాయి, రాళ్ళు వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాకే కదులుతాయి. గాలి గట్టిగా ఉన్న రోజైతే కొండకి కొట్టుకుని పైకి తన్నే గాలి మీద గట్టు వెంబడే జారుకుంటూ పోతాయి.

అక్కడ టర్కీ వల్చర్లు (ఇంకో రకం రాబందులు) కూడా బోలెడు, మొదట్లో అందరూ వాటినే కాండోర్ అనుకుంటారు. రంగు చూసి తేల్చుకోవద్దు, పెద్ద కాండోర్‌కి తల నారింజ రంగులో, రెక్కల కింద తెల్లగా ఉన్నా, పిల్ల కాండోర్‌కి తల నల్లగానే ఉంటుంది, రెక్కల కింద తెలుపు కూడా మసకగా ఉంటుంది. తీరు చూడండి. వల్చర్ రెక్కలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతూ వెళ్తుంది. కాండోర్ తొమ్మిదిన్నర అడుగుల రెక్కలు పలకలా పరిచి కదలకుండా వెళ్తుంది, రెక్కల చివర ఈకలు మాత్రం వేళ్ళలా విడివిడిగా పైకి వంగి ఉంటాయి.

ఇప్పుడు అసలు పని. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఎన్నిసార్లు రెక్క కొట్టిందో లెక్కపెట్టండి. లేచేటప్పుడు బరువుగా కొడుతుంది, తర్వాత నిమిషాలకి నిమిషాలు సున్నానే. దీని దక్షిణ అమెరికా చుట్టం ఆండియన్ కాండోర్ ఒకటి 5 గంటల్లో దాదాపు 172 కిలోమీటర్లు ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా వెళ్ళినట్టు రికార్డ్ చేశారు. మధ్యలో ఒక్కోసారి రెండు రెక్కలూ ఒక్క క్షణం కిందకి వంచి మళ్ళీ చాపుతుంది, అది రెక్క కొట్టడం కింద రాయకండి, పక్కన వేరే గీత పెట్టండి.

తల మీదుగా దగ్గరగా వెళ్తే మాట్లాడకుండా ఉండండి, ఈకల్లోంచి గాలి కోసుకెళ్ళే చప్పుడు వినిపిస్తుంది, నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఏ పక్షో గుర్తుపట్టడానికి రెక్కకి తగిలించిన ట్యాగ్ మీద నంబర్ కనిపిస్తే టైమ్, గాలి ఎటునుంచో, నంబర్ అన్నీ అక్కడికక్కడే రాసేసుకోండి. వాలిన పక్షి దగ్గరకి మాత్రం వెళ్ళొద్దు, తిండి అసలు వెయ్యొద్దు.